ఖాసీ జింక కథకి వెనక ఏ వాయిద్యం వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మేఘాలయ కొండల్లో ఉండే ఖాసీ తెగవాళ్ల "లపాలాంగ్ జింక" కథని ఇరవై నిమిషాల వేదిక కథనంగా తెలుగులో చేస్తున్నారు. తల్లి జింక ఏడ్చే చోట వేణువు, వేటగాళ్లు వచ్చే చోట మృదంగం పెట్టుకున్నారు. అది సరైనదేనా, ఖాసీల తీగవాద్యం దుయ్‌తారా దొరక్కపోతే ఏం వాడాలి, అసలు ఖాసీలు జంతువుల్ని పూజిస్తారా అన్నవి మీ ప్రశ్నలు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలకపోతే వాయిద్యం సంగతి తేలదు. పూజించరు. మనకి జంతువు అనగానే వాహనం గుర్తొస్తుంది. నెమలి అంటే కుమారస్వామి, ఎలుక అంటే వినాయకుడు. ఆ చట్రం ఇక్కడ పనికిరాదు. ఖాసీ కథల్లో మనిషికీ జంతువుకీ ఉన్నది ఒప్పందం. ఎవరు ఎవరికి ఏం చేశారు, బదులుగా ఏం దక్కింది, మాట ఎక్కడ తప్పింది అన్నదే లెక్క. పాత ఖాసీ ధర్మంలో మూడు మాటలు చెబుతారు: న్యాయాన్ని సంపాదించు, మనిషిని తెలుసుకో దేవుణ్ణి తెలుసుకో, తల్లి వైపు వాళ్లనీ తండ్రి వైపు వాళ్లనీ తెలుసుకో. మొదటి మాటలోని న్యాయాన్ని వాళ్లు "హోక్" అంటారు. జంతువుల కథలన్నిటికీ వెన్నెముక అదే.

ఉదాహరణకి దియెంగ్‌యెయ్ చెట్టు కథ. ఒక మహావృక్షం పెరిగి లోకాన్నంతా చీకటి చేసింది. జనం పగలంతా నరుకుతారు, తెల్లారేసరికి గాటు మళ్లీ పూడిపోతుంది. ఫ్రెయిత్ అనే చిన్న పిట్ట వచ్చి గుట్టు చెప్పింది: రాత్రి పులి వచ్చి గాటుని నాకుతోంది, అందుకే పూడుతోంది అని. ఊరికే చెప్పలేదు. పంట పండితే గింజ తినే హక్కు తనకివ్వాలని ముందే మాట తీసుకుంది. జనం ఆ రాత్రి గొడ్డలిని అంచు బయటికి ఉండేలా గాటులో బిగించి వెళ్లారు. పులి నాలుక తెగింది, చెట్టు కూలింది. పొలం మీద పిట్ట వాలితే అది దొంగ కాదన్నమాట, బాకీ వసూలు చేసుకుంటోంది. షిల్లాంగ్‌కి పడమట దియెంగ్‌యెయ్ కొండ ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

కుక్క కథ కూడా ఇదే తీరు. లురి లురా అనే సంతలో జంతువులన్నీ తలో సరుకూ తెచ్చాయి. కుక్క తెచ్చింది తుంగ్‌రింబాయ్, అంటే పులియబెట్టిన సోయా గింజలు. సోయాని ఉడికించి, లామెత్ ఆకుల్లో చుట్టి, వెదురు బుట్టలో పెట్టి, పొయ్యి దగ్గర వెచ్చగా మూడు నాలుగు రోజులు ఉంచుతారు. ముక్కు పగిలే వాసన వస్తుంది. సంతలో మిగతా జంతువులు ఎగతాళి చేసి ఆ సరుకుని కాళ్లతో తొక్కేశాయి. అవమానంతో కుక్క మనిషి దగ్గరికి వెళ్లింది. తిండి, చోటు మనిషివి, వేటలో సాయం కుక్కది అని ఒప్పందం కుదిరింది. అప్పుడు తొక్కిన వాసన ఆ జంతువుల కాళ్లని ఇంకా వదల్లేదు, అందుకే కుక్క వాసన పట్టి వాటిని వెతకగలుగుతోంది. మీ కథలో వేటగాళ్ల వెంట కుక్కలుంటే ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పించండి. జింకకీ కుక్కకీ మధ్య ఉన్న పాత పగ ప్రేక్షకులకి తెలుస్తుంది.

ఇక కోడిపుంజు. పాటకి ముందు తెలియాల్సిన కథ ఇది. పూర్వం మనుషులు, జంతువులు, సూర్యచంద్రులు ఒకే నాట్య సభలో ఆడేవాళ్లు. ఖాసీ భాషలో సూర్యుడు స్త్రీ, "కా స్ంగి". చంద్రుడు పురుషుడు, ఆమె తమ్ముడు. అక్కాతమ్ముళ్లు కలిసి ఆడుతుంటే సభ నవ్వింది. సూర్యదేవి అలిగి గుహలోకి వెళ్లిపోయింది, లోకం చీకటైపోయింది. పిలుచుకురావడానికి పెద్ద పెద్ద జీవాలు వెళ్లి విఫలమయ్యాయి. చివరికి ఒంటి మీద ఈకలు కూడా లేని కోడిపుంజుని అడిగారు. మిగతా పక్షులు తలా కొన్ని ఈకలిచ్చి దాన్ని ముస్తాబు చేశాయి. అది వెళ్లి వినయంగా మాట్లాడి, మనుషుల తప్పు తన మెడ మీద వేసుకుని, తను మూడుసార్లు కూసినప్పుడు బయటికి రమ్మని ఒప్పించింది. అందుకే ఖాసీ క్రతువులో కోడిపుంజు మధ్యవర్తి. దాన్ని పూజించరు, బలి ఇస్తారు. మనిషి తరఫున మెడ అప్పగించినవాడు అది. బలి తర్వాత పేగుల్ని చూసి శకునం చదువుతారు. శవదహనం నాడు బలి ఇచ్చే పుంజుకి వేరే పేరుంది, "దారి గీకే పుంజు" అని. పోయినవాళ్లకి ముందు నడిచి కాళ్లతో దారి గీస్తుందని నమ్మకం. ఆ దారి చివర దేవుడి ఇంట్లో కూర్చుని వక్క నమలడమే ఖాసీల స్వర్గం. చనిపోయిన మనిషిని "దేవుడి ఇంట్లో వక్క తింటున్నవాడు" అనే అంటారు.

ఇప్పుడు మీ జింక దగ్గరికి వస్తాను. కథ మీకు తెలుసు కానీ తెలుగులో చెప్పేవాళ్లు తరచూ తప్పే చోటు ఒకటుంది. లపాలాంగ్ కొండ జింక కాదు. అది పల్లపు మైదానంలో, ఇప్పటి బంగ్లాదేశ్ సిల్హెట్ వైపు, తల్లితో ఉండే పోతు జింక. కొండ మీద జాంగ్యూ అనే అడవి కూర లేతగా దొరుకుతుందని విని, తల్లి వద్దన్నా ఎక్కింది. కొండ జనం విల్లంబులతో తరిమి చంపారు. వెతుక్కుంటూ వచ్చిన తల్లి, బాణం దిగిన కొడుకు ఒంటిని చూసి ఏడ్చింది. ఆ ఏడుపు విని వేటగాళ్ల కేకలు ఆగిపోయాయి, ఆయుధాలు దించి వాళ్లూ ఏడ్చారు. చావుకి ఎలా ఏడవాలో ఖాసీలు ఆ తల్లి జింక దగ్గరే నేర్చుకున్నారని కథ చెబుతుంది. మన గోవ్యాఘ్ర సంవాదంలో ఆవు సత్యానికి పులి కరిగి దాన్ని వదిలేస్తుంది, ప్రాణం నిలుస్తుంది. ఇక్కడ ప్రాణం పోయాకే మనసు కరుగుతుంది. చంపినవాడే శిష్యుడవుతాడు. నా దృష్టిలో ఈ కథ బరువంతా అక్కడే ఉంది. శోకం మనిషి కనిపెట్టుకున్నది కాదు, బాణం వేసి తెచ్చుకున్న అప్పు.

వాయిద్యం ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఆ ఏడుపు దగ్గర వేణువు తీసేయండి.

కారణం చెబుతాను. ఖాసీల్లో వేణువులు ఒకటి కన్నా ఎక్కువ. బెస్లి అనే మామూలు వెదురు వేణువు పొద్దుపోకకి, పాటకి ఎవరైనా ఊదుకోవచ్చు. షరాతి వేరు. అది శవదహనం అప్పుడూ, తర్వాత ఎముకలు ఏరి వంశం రాతిగూడులో పెట్టేటప్పుడూ ఊదేది. మామూలు రోజుల్లో ఊదరు. దాని వెనక మానిక్ రాయ్‌తోంగ్ కథ ఉంది. అతనో అనాథ. పగలు బూడిద పూసుకుని చిరుగు బట్టల్లో తిరిగి, రాత్రి గుడిసెలో షరాతి ఊదేవాడు. ఆ నాదానికి రాజు భార్య మనసు పోగొట్టుకుంది. విషయం బయటపడి అతనికి చితి పేర్చారు. అతను షరాతి ఊదుతూ, వెనక్కి అడుగులేస్తూ చితి చుట్టూ తిరిగి, దాన్ని తలకిందులుగా నేలలో గుచ్చి మంటలోకి వెళ్లాడు. ఆమె కూడా వెనకే దూకింది. గుచ్చిన చోట ఆకులు నేలచూపు చూసే వెదురు మొలిచిందంటారు. కాబట్టి శోక ఘట్టంలో వేణువు వినిపిస్తే, తెలిసిన శ్రోతకి చితి, ఎముకలు, మానిక్ గుర్తొస్తాయి, జింక తప్పుకుంటుంది. పైగా తల్లి జింక దగ్గర మొదట పుట్టింది గొంతు. క్రతువు, వాయిద్యం అప్పటికింకా లేవు. ఆ మూడు నాలుగు నిమిషాలు ఒట్టి గొంతే ఉండాలి. శ్రుతిపెట్టె కూడా ఆపేయండి. వేణువు మీద మరీ మనసుంటే మొదట్లో, తల్లీకొడుకులు పల్లంలో మేస్తున్నప్పుడు, బెస్లిలాగా తేలిగ్గా ఊదించండి.

కథ చెప్పడానికి అసలు తోడు దుయ్‌తారా. పేరు వింటే రెండు తీగలు అనిపిస్తుంది, ఉండేవి నాలుగు. ఒకే చెక్క దిమ్మని తొలిచి బుర్ర, మెడ కలిపి చేస్తారు. బుర్ర నోటికి తోలు బిగిస్తారు. మెట్లు ఉండవు. తీగలు పాతకాలంలో మూగా పట్టువి, చిన్న చెక్క మీటుతో మీటేవాళ్లు. ఇప్పుడు చాలావరకు నైలాన్. పట్టుతీగ నాదం పొట్టిగా, పొడిగా "టుక్" మని ఆగిపోతుంది, మోగుతూ ఉండదు. దానివల్లే కథకుడి మాటకి మధ్యలో చోటు దొరుకుతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు, పేరు దగ్గరగా ఉందని బెంగాలీ దోతారా అద్దెకి తేవడం. ఉక్కు తీగల దోతారా ఖంగున మోగుతుంది, మాట మీద పడుతుంది. బుర్రకథ తంబురాతో కూడా ఇదే ఇబ్బంది. దుయ్‌తారా చేయడంలోనూ వాయించడంలోనూ పేరున్న రైసింగ్‌బోర్ కుర్కలాంగ్‌కి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ వాద్యం అసలు నాదం ఎలా ఉంటుందో ముందు ఆయన వాయించగా వినండి.

దొరక్కపోతే నైలాన్ తీగల ఉకులేలే వాడండి. సాధారణ శ్రుతిలో తీగలు జి, సి, ఇ, ఎ. ఇ తీగ తీసేయండి. ఎ తీగని రెండు అర్ధస్వరాలు దించితే అవతలి అంచున ఉన్న జితో ఒకటవుతుంది. గాయకుడిది ఒకటో శ్రుతి అయితే సి తీగ షడ్జం, జత తీగలు పంచమం. గాయని ఐదో శ్రుతిలో పాడితే జత తీగలు షడ్జం, సి మధ్యమం అవుతాయి. రెండూ పనికొస్తాయి. గుర్రం (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) పక్కన, తీగల కింద, వేలెడు వెడల్పున మెత్తటి గుడ్డ మడిచి దూర్చండి. అప్పుడు మోత చచ్చి తోలు వాద్యం పొడితనం కొంత వస్తుంది. గుడ్డ ఎక్కువైతే స్వరమే వినపడదు, తక్కువైతే హవాయి పాటలా ఉంటుంది. రెండు మూడుసార్లు సర్దుకోవాలి. ప్లాస్టిక్ మీటు వద్దు, ఐస్‌క్రీం పుల్ల చివర అరగదీసినా నడుస్తుంది. తీగల్ని తాళంలో గీకకండి. ఒక వాక్యం అయ్యాక రెండు మీట్లు, అంతే. గిటార్ అలవాటున్న కుర్రవాడికి ఈ ఆగడం నేర్పడమే కష్టం.

అసలు దుయ్‌తారా సంపాదించగలిగితే తోలు సంగతి మరిచిపోకండి. అది ఎంత తడి వాతావరణంలో పుట్టిందో (సోహ్రా, అంటే మన పుస్తకాల్లో చిరపుంజి, ఆ కొండల్లోనే ఉంది) తోలుకి తడి అంత శత్రువు. వానాకాలం తోలు వదులై, తీగలకింద గుర్రం దిగి, నాదం మందగిస్తుంది. అక్కడ వంటింటి పొయ్యి వెచ్చదనం దాన్ని కాస్తుంది. మీరు విశాఖలోనో కాకినాడలోనో చేస్తుంటే అదే సమస్య, వేసవి హైదరాబాద్‌లో దానికి తిరగబడిన సమస్య, తోలు మరీ బిగిసి అంచున చిట్లడం. ప్రదర్శనకి గంట ముందు హాల్లో తెరిచి పెట్టి, అది కుదురుకున్నాకే శ్రుతి చేయండి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి.

మృదంగం కూడా తప్పించండి. కరణి (నల్లటి పూత) వేసిన మూత స్వరంలా పలుకుతుంది. ఖాసీ డప్పుల పని అది కాదు. క్సింగ్ అనేది రెండు వైపులా తోలున్న స్తంభాకారపు డోలు. అందులో ఆడ క్సింగ్, మగ క్సింగ్ అని జంట. ఇంకా పెద్దది బోమ్, నగారా లాంటిది నక్రా. వీటితో తంగ్‌మురి కలిస్తేనే నాట్యరంగం. తంగ్‌మురి మన సన్నాయికి చుట్టం, చెక్క గొట్టం, జంట పీక. వాయిద్యాల రాణి అంటారు దాన్ని. నాదస్వరం దానికి బదులు కాదు, పొడవూ గాత్రమూ ఎక్కువ, ఊరి సన్నాయి నయం. అయితే మీ కథలో నాట్యసభ లేదు కాబట్టి తంగ్‌మురి అక్కర్లేదు. ఉంది కదా అని వేస్తే పెళ్లి ఊరేగింపు జింక మీదుగా వెళ్లినట్టుంటుంది.

డప్పుకీ జంతువుకీ నేరుగా ముడి ఉన్న చోటు గ్రహణం. హిన్‌రోహ్ అనే మహా కప్ప సూర్యుణ్ణి మింగుతోందని, దాన్ని బెదరగొట్టడానికి ఊరంతా డప్పులు కొట్టి అరుస్తారని పాత నమ్మకం. అక్కడ డప్పు సంగీతం కాదు, అదిలింపు. మీ వేట ఘట్టానికి కావలసినది ఆ రకం మోతే. డోలక్కో, తాటాకు మంటకి కాచి బిగించిన పల్లె డప్పో చాలు. నిలకడైన తాళం కట్టకండి. తరుముతున్న గుంపు తాళంలో పరుగెత్తదు.

డప్పు కన్నా ముఖ్యం కేక. ఖాసీల్లో ఫావర్ అనే ప్రక్రియ ఉంది. బాణాల పోటీల దగ్గర, పండగల్లో ఒకడు అప్పటికప్పుడు రెండు పాదాలు కట్టి గట్టిగా పలుకుతాడు. ఎదుటి జట్టుని వెక్కిరించడం, తన విల్లుని పొగుడుకోవడం అందులో ఎక్కువ. చివర్న గుంపు "హోయ్ కివ్!" అని అందుకుంటుంది. అది పాడటానికీ పలకడానికీ మధ్యలో ఉంటుంది, మన జముకుల కథలో వంతల కన్నా కోతల పాటలో అందుకోవడానికి దగ్గర. వేటగాళ్ల మాటల్ని తెలుగులో ఇలా జంట పాదాలుగా రాసుకోండి, ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. నాలుగైదు జంటలు చాలు, ప్రతిసారీ గుంపు కేక ఇంకొంచెం పెంచండి. చివరి కేక సగంలో ఉండగా తల్లి గొంతు మొదలవ్వాలి. కేక దానంతటదే తగ్గదు, ఒక్కొక్కరే మానేయాలి. వేటగాళ్ల వైపు ఆఖరి మనిషి మానేశాక వచ్చే నిశ్శబ్దంలో ఏడుపు సాగనివ్వండి. వెక్కిళ్లు నటించనివ్వకండి. తల్లి కొడుకుని పేరు పెట్టి పిలవడం, వద్దన్న మాట గుర్తుచేయడం, ఆ కూర రుచి అడగడం, ఈ మూడూ అటూ ఇటూ తిరుగుతూ రావాలి. శ్రీకాకుళం వైపు శోకాలు పెట్టే పెద్దవాళ్ల దగ్గర ఈ నడక విని పట్టుకోవచ్చు. అన్నట్టు ఆ జిల్లాల సవర భాషా, ఖాసీ భాషా ఒకే ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబానివి. దూరపు చుట్టరికమే కానీ నిజమైన చుట్టరికం. దాన్ని బట్టి సంగీతం కూడా ఒకటే అనుకోకండి.

పేరు పెట్టి పిలవడం అన్నాను కాబట్టి కొంగ్‌థోంగ్ ఊరి సంగతి కూడా చెప్పాలి. షిల్లాంగ్ నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ బిడ్డ పుట్టగానే తల్లి ఆ బిడ్డకి ఒక రాగం కడుతుంది, మాటలుండవు. ఇంట్లో పిలవడానికి పొట్టి రూపం, అడవిలో పిలవడానికి పొడుగు రూపం. మనిషి పోతే రాగమూ పోయినట్టే, ఇంకొకరికి పెట్టరు. దీన్ని జింగ్‌ర్వాయ్ యావ్‌బెయ్ అంటారు. యావ్‌బెయ్ అంటే వంశానికి మూలమైన అవ్వ. ఖాసీలది తల్లి వంశం కదా. అడవిలో అసలు పేరు పెట్టి అరిస్తే దుష్టశక్తులు విని పట్టుకుంటాయనీ, రాగమైతే పిట్ట కూతో ఏదో అనుకుని వదిలేస్తాయనీ నమ్మకం. మనిషి ప్రాణం కాపాడుకోవడానికి జంతువు గొంతు అరువు తెచ్చుకోవడం ఇది. మీ తల్లి జింకకి ఇలాంటి నాలుగు స్వరాల పిలుపు ఒకటి పెట్టుకుని, మొదట మేతలో, తర్వాత వెతుకులాటలో, ఆఖర్న ఏడుపులో వాడితే బాగుంటుంది. కానీ కొంగ్‌థోంగ్‌లో రికార్డు చేసిన రాగం తీసుకోకండి. అది ఒక బతికున్న మనిషి పేరు. మీరే ఒకటి కట్టుకోండి.

ఇంకో హెచ్చరిక. కథ రసవత్తరంగా ఉందని ఉ థ్లెన్ అనే నరమాంసపు పాముని ఇందులోకి లాగకండి. ఆ పాముని చంపి ముక్కలన్నీ తినేశాక ఒక ముసలమ్మ కొడుకు కోసం దాచిన ముక్క మళ్లీ పెరిగిందని కథ. ఇంట్లో థ్లెన్‌ని పెంచుతున్నారన్న అనుమానంతో మనుషుల మీద దాడులు జరిగిన సందర్భాలున్నాయి. అది ఇంకా చల్లారని నమ్మకం. ఖాసీ స్నేహితుల్ని ఫలానా ఇంట్లో ఉందటగా అని అడగడం కూడా తప్పే. మావ్‌ఫ్లాంగ్ దేవరకాడులో (దేవత పేర కాపాడుకునే అడవిలో) కాపలా దేవత మేలు తలపెడితే చిరుతగా, కీడైతే పాముగా కనిపిస్తుందని, అక్కణ్నుంచి ఆకు కూడా తేకూడదని చెప్పే మాట మాత్రం నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. పల్లం జింక కొండ ఎక్కి కూర తెంపడంలోని దోషం దానితో ఇంకొంచెం స్పష్టమవుతుంది.

వేషధారణ గురించి అడగలేదు కానీ, ఫోటోల్లో కనిపించే బంగారు కిరీటాలు, పగడాల దండలు మీ వేటగాళ్లకి పెట్టకండి. అవి ఏప్రిల్‌లో షిల్లాంగ్ వెయ్‌కింగ్ మైదానంలో జరిగే షాద్ సుక్ మిన్సియెమ్ లాంటి నాట్యాల్లో పెళ్లికాని అమ్మాయిలు వేసుకునేవి. మధ్యలో వాళ్లు పాదం నేల వదలకుండా కదులుతారు, చుట్టూ మగవాళ్లు కత్తి, చామరం పట్టి కాపలాగా తిరుగుతారు. పాత మతాన్ని నిలుపుకోవాలని 16 మంది యువకులు 1899లో పెట్టిన సెంగ్ ఖాసీ ఈ నాట్యాన్ని 1911 నుంచి జరుపుతోంది. మేఘాలయ జనాభాలో 2011 లెక్కల ప్రకారం దాదాపు మూడొంతుల మంది క్రైస్తవులు. కాబట్టి పరిచయ వాక్యంలో "ఖాసీలు ఇలా నమ్ముతారు" అనకుండా "పాత ఖాసీ కథ ఇలా చెబుతుంది" అనండి. వేటగాళ్లకి మామూలు ధోవతి, భుజాన విల్లు, నడుముకి వక్కల సంచి చాలు. ఏడుపు మొదలయ్యాక ఆ సంచి ఒకడు నేల మీద పెడితే, మిగతా ఆయుధాలు దానంతట అవే దిగుతాయి.